310 నుంచి 38కి: బల్బు ధర పడిపోయిన కథ, ఫ్యాను దగ్గర ఆగిపోయిన కథ

2013 నుంచి 2018 దాకా నేను ఒక లైటింగ్ కంపెనీలో ధరలు నిర్ణయించే టీమ్‌లో పనిచేశాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మధ్యతరహా కంపెనీ, సొంత బ్రాండు, దక్షిణాది రాష్ట్రాల్లో డీలర్లు. ఆ ఐదేళ్లలో మేం ఎల్‌ఈడీ బల్బుకు వేసిన ప్రతి ధరా ఆరు నెలలు తిరక్కుండానే తప్పయింది. పర్యావరణానికి మేలు చేసే వస్తువుకు ధర ఎలా పెట్టాలో, అందులో ప్రభుత్వం చేయగలిగింది ఎంతో నాకు తెలిసింది ఆ తప్పుల వల్లే. అందుకే ఈ కథను మా తప్పు దగ్గరే మొదలుపెడతాను.

మా మొదటి లెక్క

అప్పట్లో మా పద్ధతి తేలిక. చిప్, డ్రైవర్ (చిప్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే సర్క్యూట్), హౌసింగ్, అసెంబ్లీ, ప్యాకింగ్ ఖర్చులు కూడాలి. దాని మీద మా మార్జిన్, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, డీలర్ మార్జిన్ వేయాలి. ఎల్‌ఈడీకి వచ్చేసరికి ఇంకొకటి కలిపాం. కరెంటు ఆదా చేస్తుంది, పాదరసం లేదు, ఏళ్ల తరబడి వెలుగుతుంది కాబట్టి కొనేవాడు కొంత ఎక్కువ ఇస్తాడని. డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ వేయించాం. షాపుకు చేరేసరికి బల్బు మూడు వందలు దాటేది.

విజయవాడలో ఒక డీలర్ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఈ ఆకు ఎవడిక్కావాలి? ఎన్నాళ్లు వెలుగుతుందో రాసివ్వమంటారు, అది ఇవ్వండి" అన్నాడు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాం. నిజానికి కొనేవాడి బెంగ ఏమిటో ఆ ఒక్క మాటలో ఉంది. పది, పదిహేను రూపాయల ఫిలమెంట్ బల్బు మాడిపోతే పోయేది పది రూపాయలే. మూడు వందల బల్బు మూడో నెలలో మాడితే ఇంట్లో మాట పడాలి. ఎక్కువ ధర ఒక ఇబ్బందైతే, ఆ డబ్బు పోతుందేమో అన్న టెన్షన్ అంతకంటే పెద్ద ఇబ్బంది. మా ఆకు బొమ్మ ఈ రెంటిలో దేనికీ జవాబు కాదు.

పుదుచ్చేరి టెండర్

కేంద్ర ప్రభుత్వ విద్యుత్ రంగ సంస్థలైన ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ కలిసి 2009లో పెట్టిన సంస్థ ఈఈఎస్‌ఎల్ (ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్). ఇళ్లకు ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చే పనిని అది 2014లో పుదుచ్చేరిలో మొదలుపెట్టింది. తొలి విడతలో 7 వాట్ల బల్బుకు తేలిన కొనుగోలు ధర 310 రూపాయలు. మేం ఆ టెండర్ వేయలేదు. ప్రభుత్వ ఆర్డరంటే డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు, వారంటీ షరతులు గట్టిగా ఉన్నాయి, ఇంతకుముందు వీధి దీపాల సప్లైలో చేతులు కాల్చుకున్నాం. మీటింగులో అందరం ఒకే మాట మీద ఉన్నాం. ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ పూర్తిగా తప్పు అనను. తప్పు చేసింది ఇంకో చోట. ఆ టెండర్‌ను మేం అమ్మకంగా మాత్రమే చూశాం. ముందు ముందు మార్కెట్ ధరను అదే నడిపించబోతుందని ఒక్కరికీ తట్టలేదు.

వెంటనే ఆంధ్రప్రదేశ్ వచ్చింది. గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటికి రెండు బల్బులు, ఒక్కోటి పది రూపాయలకు, పాత ఫిలమెంట్ బల్బులు తెచ్చి ఇచ్చినవాళ్లకు. 2015 జనవరిలో ప్రధాని దీన్ని దేశవ్యాప్త పథకంగా ప్రారంభించారు. దానికే తర్వాత ఉజాలా అని పేరు పెట్టారు.

పది రూపాయలు అనగానే మా సేల్స్ వాళ్లు "సబ్సిడీ బల్బు వచ్చింది, ఇక మన పని అయిపోయింది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. లెక్క వేసి చూశాక గానీ విషయం అర్థం కాలేదు.

ఎవరికి ఎంత మిగులుతుంది

ఈ కథకు ప్రాణం ఈ లెక్కే కాబట్టి దీన్ని తాపీగా చెబుతాను.

60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసేసి 7 వాట్ల ఎల్‌ఈడీ పెట్టారనుకోండి. రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు దాదాపు 8 యూనిట్లు మిగులుతాయి. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో అడుగు స్లాబ్ రేటు, అంటే అతి తక్కువ కరెంటు వాడే ఇళ్లకు వేసే రేటు, యూనిట్‌కు 1.45 రూపాయలు. ఆ స్లాబ్‌లో ఉన్న కుటుంబానికి నెలకు మిగిలేది పదకొండున్నర రూపాయలు. 310 రూపాయల బల్బు సొంత డబ్బుతో కొంటే పెట్టుబడి తిరిగి రావడానికి 27 నెలలు పడుతుంది. రెండు పూటలా వండుకోవడానికే చూసి ఖర్చుపెట్టే ఇంట్లో ఆ పని ఎవరూ చేయరు, చేయకూడదు కూడా.

అదే బల్బును డిస్కం, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, వైపు నుంచి చూడండి. కరెంటు కొని, తీగల్లో పోయే నష్టం భరించి, ఆ ఇంటికి చేర్చడానికి యూనిట్‌కు 5 రూపాయలు అవుతుందని లెక్కకోసం అనుకుందాం. వసూలయ్యేది 1.45. అంటే ఆ ఇంట్లో కాలే ప్రతి యూనిట్ మీద 3.55 రూపాయలు పోతున్నాయి. 8 యూనిట్లు తగ్గితే నెలకు 28 రూపాయలకు పైగా మిగులు. 310 రూపాయల బల్బును డిస్కమే కొని ఊరికే ఇచ్చేసినా 11 నెలల్లో డబ్బు తిరిగి వచ్చేస్తుంది. ఆ నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీగా భర్తీ చేస్తున్న చోట మిగులు డిస్కం జేబులోకి కాకుండా ఖజానాలోకి వెళ్తుంది. ఎటు వెళ్లినా ఆ ఇంటి గుమ్మం దాకా మాత్రం రాదు.

ఇప్పుడు పై స్లాబ్‌లో, యూనిట్‌కు 8 రూపాయలు కట్టే ఇల్లు తీసుకోండి. ఆ ఇంటికి నెలకు 64 రూపాయల మిగులు. ఐదు నెలలు నిండకుండానే బల్బు డబ్బు వచ్చేస్తుంది. కానీ డిస్కంకు ఆ ఇంటి మీద యూనిట్‌కు 3 రూపాయల లాభం ఉంది. అక్కడ వాడకం తగ్గితే దానికి నష్టం.

ఒకే వస్తువు, ఒకే ఆదా. పేదింట్లో లాభం డిస్కంది, పెద్దింట్లో లాభం ఇంటివాళ్లది. వస్తువు వల్ల ఎవరికి మిగులుతుందో ఖర్చు వాళ్ల మీద పెట్టాలి. మా కంపెనీ మాత్రం మొత్తం ధరను కొనేవాడి ముందు పెట్టి, పైగా ఆకు బొమ్మకు అదనం అడిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. వినియోగదారు పది రూపాయలిచ్చాడు. మిగతాది డిస్కంలు తమకు తగ్గే ఖర్చులోంచి ఈఈఎస్‌ఎల్‌కు ఏళ్ల మీద చెల్లించే ఒప్పందం. కొన్ని రాష్ట్రాల్లో ఇంకో దారి పట్టారు. మొదట పది రూపాయలు కట్టించుకుని, మిగతాది నెలకు పది చొప్పున కరెంటు బిల్లులో కలిపారు. బిల్లులో వాయిదా పది, ఆదా అంతకంటే ఎక్కువ. నెల చివర చేతి నుంచి పోయేది పెరగదు. కేంద్రం బల్బు మీద సబ్సిడీ ఇవ్వలేదని ప్రభుత్వం చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. నాకు ఈ లెక్క తెలిశాక నమ్మకం కుదిరింది. ప్రభుత్వం పెట్టింది డబ్బు కంటే ఎక్కువగా పూచీ, వాయిదా, వసూలు చేసే దారి. కరెంటు బిల్లు కన్నా గట్టి వసూలు దారి మన దేశంలో ఇంకేముంది?

ధర ఎలా దిగింది

310 తర్వాతి టెండర్‌లో 204. ఆ తర్వాత 149. 2015లో 73కు వచ్చింది. ఆ తర్వాత 64.41, 2016 మార్చిలో 54.90. 2016లోనే 38. మధ్యలో బల్బు 7 వాట్ల నుంచి 9 వాట్లకు పెరిగింది కూడా. అంటే ఎక్కువ వెలుగు, తక్కువ ధర.

మేం 2015లో టెండర్లలోకి దిగాం. లోపల నుంచి చూస్తే ధర తగ్గడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆర్డర్ లక్షల నుంచి కోట్లకు పోయింది. కోటి బల్బులు ఖాయమని తెలిస్తే చిప్ సప్లయర్‌తో మాట్లాడే గొంతే మారుతుంది. అసెంబ్లీ లైన్‌కు మెషిన్ కొనడానికి బ్యాంకు వాడు కాగితాలు చూసి తల ఊపుతాడు. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడి ధరకు మిగతావాళ్లు దిగొస్తే వాళ్లకూ ఆర్డర్‌లో వాటా దొరికేది. దాంతో ఓడిపోయినవాడు కూడా ఫ్యాక్టరీ మూసుకోకుండా తర్వాతి టెండర్‌కు నిలబడేవాడు. టెండర్లు తరచూ వచ్చేవి. ఒకటి పోయినా నాలుగు నెలలకు ఇంకోటి. ప్రకటనలు లేవు, డీలర్ మార్జిన్ లేదు, అమ్ముడు పోని సరుకు తిరిగి రావడం లేదు. మా పాత ధరలో ఇవన్నీ కలిపి బల్బు తయారీ ఖర్చుతో పోటీ పడేవి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కాలంలో ప్రపంచమంతా ఎల్‌ఈడీ ధరలు పడుతూనే ఉన్నాయి. వెలుగు ఖర్చు పదేళ్లకు పదో వంతుకు పడుతుందని ఆ రంగంలో ఒక వాడుక సూత్రమే ఉంది. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినవాళ్లకు 2014లోనే భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కాబట్టి 310 నుంచి 38 దాకా ఘనతంతా పథకానికే కట్టబెడితే అది ప్రచారం అవుతుంది. కానీ పదేళ్లలో దిగాల్సిన దూరం మూడేళ్లు నిండకుండా దిగింది. ఆ వేగం టెక్నాలజీది కాదు, ఆర్డర్ పుస్తకానిది.

38 అనే అంకె

పత్రికల్లో 38 చూసి డీలర్లు మా మీద విరుచుకుపడ్డారు. "ముప్పై ఎనిమిదికి వాళ్లకిస్తూ మాకు నూటయాభై ఏంటి సార్?" అని. అది కొనుగోలు ధర. పన్ను, రవాణా, పంపిణీ కౌంటర్లు, పెట్టుబడి మీద వడ్డీ అందులో ఉండవు. కౌంటర్ దగ్గర జనం ఆ బల్బుకు కట్టింది 65, 70 రూపాయలు. పర్యావరణ వస్తువుల ధరల మీద వచ్చే వార్తలు చదివేటప్పుడు నేను ఇప్పుడు మొదట చూసేది, ఆ అంకె ఫ్యాక్టరీ గేటు దగ్గరదా, చేతికి అందిన చోటుదా అని.

కానీ డీలర్ల కోపంలో న్యాయం లేకపోలేదు. 70 రూపాయల బల్బు పక్కవీధి కౌంటర్‌లో దొరుకుతుంటే షాపులో 150 బల్బు ఎలా అమ్ముతాడు? మేమూ దించాం, అందరూ దించారు. చివరికి ఆ పథకం పంచిన బల్బుల కంటే, దాని ధర చూసి మార్కెట్ దించిన బల్బుల వల్లే ఎక్కువ మార్పు వచ్చిందని నా అభిప్రాయం.

దించినప్పుడు ఒక ప్రమాదం వచ్చింది. మార్జిన్ నలిగితే మొదట కోత పడేది డ్రైవర్ సర్క్యూట్ మీద. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరితే కాపాడే సర్జ్ ప్రొటెక్షన్ తీసేస్తారు, చవక కెపాసిటర్ పెడతారు. బల్బు కొత్తలో బాగానే వెలుగుతుంది. వోల్టేజి ఎగిరెగిరి పడే ఊళ్లో వానాకాలం దాటదు. టెండర్ బల్బుకు మూడేళ్ల ఉచిత మార్పిడి షరతు ఉంది కాబట్టి అందులో కోత పెడితే మాకే ఎదురు తగులుతుంది. బయటి మార్కెట్‌లో ఆ భయం లేదు. 2017లో మార్కెట్ సర్వే సంస్థ నీల్సన్ ముంబై, ఢిల్లీ, అహ్మదాబాద్, హైదరాబాద్ నగరాల్లో షాపులు తిరిగి చూస్తే 76 శాతం ఎల్‌ఈడీ బల్బు బ్రాండ్లు భద్రతా ప్రమాణాలకు నిలబడలేదు. ఆ సర్వే చేయించింది తయారీదారుల సంఘమే కాబట్టి వాళ్ల ప్రయోజనమూ అందులో ఉందనుకోండి. అయినా షాపుల్లో మేం చూసింది అందుకు దూరంగా లేదు. కరెంటు ఎంత పొదుపో చుక్కల్లో చూపే స్టార్ లేబుల్ ఎల్‌ఈడీ బల్బులకు తప్పనిసరి అయింది 2018లో. ధర దించే టెండర్ ముందు వచ్చింది, నాణ్యత పట్టించే నిబంధన వెనక వచ్చింది. నా చేతిలో ఉంటే ఈ వరస తిప్పి పెట్టేవాణ్ని.

ఆదా అంకెల మీద కూడా ఒక మాట. ఉజాలా కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు, ఏడాదికి దాదాపు 4,800 కోట్ల యూనిట్ల ఆదా అని అధికారిక అంచనా. భాగిస్తే ఒక్కో బల్బుకు ఏడాదికి 130 యూనిట్లు వస్తాయి. 60 వాట్ల స్థానంలో 9 వాట్లు, రోజుకు ఐదు గంటలని నేను వేసుకుంటే 93 వస్తుంది. తేడా అంతా బల్బు ఎన్ని గంటలు వెలిగిందన్న ఊహలో ఉంది. స్టోర్ రూములో పెట్టిన బల్బు కూడా ఆ లెక్కలో వెలుగుతూనే ఉంటుంది.

అంతకుముందు ఒక పథకం గురి తప్పింది

2009లో బచత్ ల్యాంప్ యోజన వచ్చింది. సీఎఫ్‌ఎల్‌ను ఫిలమెంట్ బల్బు ధరకే, అంటే 15 రూపాయలకు ఇవ్వడం, మిగతాది కార్బన్ క్రెడిట్లు, అంటే కాలుష్యం తగ్గించినందుకు దక్కే హక్కులు, అమ్మి రాబట్టుకోవడం దాని పద్ధతి. కాగితం మీద చక్కటి ఆలోచన. 2012కల్లా అంతర్జాతీయంగా ఆ క్రెడిట్ల ధర కుప్పకూలింది, పెట్టుబడి పెట్టినవాళ్లు వెనక్కి తగ్గారు. ఉజాలాలో లోటు పూడ్చే డబ్బు కరెంటు లెక్కలోంచే వచ్చింది, ఎక్కడో నడిచే మార్కెట్ మీద ఆధారపడలేదు. 2021లో పల్లెల కోసం గ్రామ్ ఉజాలా పేరుతో పది రూపాయల బల్బు మళ్లీ వచ్చినప్పుడు అందులోనూ కార్బన్ క్రెడిట్లనే నమ్ముకున్నారు. నేనైతే క్రెడిట్ల డబ్బును పైన పడే చినుకుల్లాగే చూస్తాను, చెరువు నింపే నీళ్లుగా చూడను.

ఫ్యాను దగ్గర

బల్బు విజయం చూసి అదే అచ్చులో ఫ్యానునూ పోశారు. 50 వాట్ల ఫైవ్ స్టార్ ఫ్యాను, తర్వాతి రోజుల్లో ధర 1,110 రూపాయలు. అన్నేళ్లలో అమ్ముడైంది సుమారు 23 లక్షలు. బల్బులు 36 కోట్లు.

అప్పటికి నేను కంపెనీ వదిలి, డిస్కంలకూ తయారీదారులకూ ధరల విషయంలో సలహాలిచ్చే పనిలోకి మారాను. ఈ తేడా ఎందుకొచ్చిందో చూడమని ఒక క్లయింట్ అడిగారు. మొదట నేనూ తడబడ్డాను, ఎందుకంటే యూనిట్ల ఆదా రెంటికీ దగ్గరదగ్గరే. 75 వాట్ల ఫ్యాను తీసి 50 వాట్లది పెడితే రోజుకు 12 గంటల చొప్పున నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల బల్బు మిగిల్చేది నెలకు 7.65.

తేడా ధరలో ఉంది. యూనిట్ నాలుగు రూపాయలనుకుంటే 70 రూపాయల బల్బు రెండున్నర నెలల్లో తన ఖర్చు తాను తెచ్చేసుకుంటుంది. 1,110 రూపాయల ఫ్యానుకు 31 నెలలు. అది కూడా ఏడాదంతా తిరిగితే. 1.45 స్లాబ్‌లో ఉన్న ఇంట్లో ఏడేళ్లు. బల్బుకు నెలకు పది రూపాయల వాయిదా సరిపోయింది, ఆదా కంటే తక్కువే కాబట్టి. ఫ్యానుకు వాయిదా ఆదాకంటే మించకూడదంటే అది మూడేళ్ల అప్పు అవుతుంది.

ఇంకో తేడా ఉంది. ఫిలమెంట్ బల్బు తనంతట తానే కొన్ని నెలలకు మాడిపోతుంది, ఎలాగూ కొనాలి. ఫ్యాను పదేళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. కాయిల్ కాలితే వీధి చివర మెకానిక్ చుట్టి ఇస్తాడు. తిరుగుతున్న ఫ్యానును దింపి కొత్తది పెట్టమంటే "దీనికేమొచ్చింది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ధర తగ్గింపు జవాబు కాదు. బల్బు తెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు, ఫ్యాను బిగించడానికి మనిషి కావాలి, వాడికి డబ్బులివ్వాలి. ఈ చిన్న ఖర్చును పథకం లెక్కలో చాలాసార్లు మర్చిపోతారు.

ఫ్యాన్లకు స్టార్ లేబుల్‌ను 2023 జనవరిలో తప్పనిసరి చేశారు. ఇక్కడ నిబంధన ముందు వచ్చింది, మంచిదే. అదే ఏడాది నవంబరులో కోటి ఫ్యాన్ల కార్యక్రమం ప్రకటించారు. 28 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటార్) ఫ్యాను అయితే నెలకు 17 యూనిట్లు మిగులుతాయి, లెక్క కొంచెం మెరుగు. ధర మాత్రం ఇంకా ఎక్కువే.

పన్ను ఒక చేత్తో, సెస్ ఇంకో చేత్తో

బొగ్గు మీద టన్నుకు 2010లో 50 రూపాయల సెస్, అంటే అదనపు పన్ను, వేశారు. 2016కల్లా అది 400 అయింది, 2025లో తీసేశారు. యూనిట్‌కు 0.7 కిలో బొగ్గు అనుకుంటే 400 ఉన్నప్పుడు యూనిట్ మీద 28 పైసలు పడేది. చిన్న మొత్తమేం కాదు. కానీ 1.45 స్లాబ్ ఇంటికి ఆ పైసలు చేరలేదు, స్లాబ్ రేటు అడ్డం. మురికి కరెంటు ఖరీదైతే జనం ఆదా వస్తువు కొంటారన్న వాదన ఆ ఇంటి మీటరు దగ్గర ఆగిపోతుంది. 2022 జూలై 18 నుంచి ఎల్‌ఈడీ బల్బుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ముడిసరుకు మీద పన్ను ఎక్కువ, తయారైన సరుకు మీద తక్కువ ఉంటే రీఫండ్లు పేరుకుపోతాయన్నది కారణం. ఖాతా పుస్తకం ప్రకారం సబబే. కొనేవాడికి మాత్రం అది ధర పెరగడమే.

ఈ సలహాల పనిలో ఒక డిస్కం వాళ్లకు ఫ్యాన్ల మీద నేను రాసిచ్చిన నోట్‌లో ఉన్నవి నాలుగు మాటలు. అడుగు స్లాబ్ ఇళ్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ మీకే లాభం. పాత ఫ్యాను వెనక్కి తీసుకోండి, లేకపోతే అది పక్క గదిలో తిరుగుతుంది. బిగింపు ఖర్చు ధరలోనే కలపండి. వాయిదాను ఎండాకాలం నాలుగు నెలల్లోనే వేయండి, చలికాలంలో ఆగిపోయిన ఫ్యానుకు ఎవరూ సంతోషంగా డబ్బు కట్టరు.

మొదటి మూడింటికీ ఒప్పుకున్నారు. నాలుగోదానికి వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. వాయిదా అంటే పన్నెండు నెలలూ సమానంగా ఉండాలట.